మణికట్టు పట్టు

ఆటగాళ్ళను మార్చుకునే మేనేజరు బతుకంత నిష్ఠూరపు బతుకు ఇంకొకటి ఉండదు. గెలిస్తే ఆటగాళ్ళు గెలిచినట్టు, ఓడితే ఆయన ఓడించినట్టు. వదిలేసినవాడు వేరే ఊళ్ళో బాగా ఆడితే కళ్ళుండీ చూడలేకపోయాడంటారు. తెచ్చుకున్నవాడు కాలు విరగ్గొట్టుకుంటే ఏరికోరి తెచ్చుకున్నాడంటారు. ఇదంతా మనుషుల నోళ్ళ వరకే ఉన్న రోజుల్లో బొంతు సింహాద్రి నవ్వి ఊరుకునేవాడు. విజయనగరం చంపావతి కబడ్డీ జట్టుకి ఆయనే మేనేజరు. ఇప్పుడు ఆ మాట అనబోతున్నది మనిషి కాదు, యంత్రం. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఎవరో అయినా బాగుండేది. ఆయన సొంత మరదలు.

మరదలి పేరు ఇందుమతి. భోగాపురం రోడ్డులో ఉన్న క్రీడా పరిశోధనశాలలో శాస్త్రవేత్త. యంత్రానికి ఆమె పెట్టుకున్న పేరు మరోదారి.

ఆ మధ్యాహ్నం ఆమె మీట నొక్కగానే గది మధ్యలో పరిచిన నల్లటి అద్దపు నేల మీద నీలంగా, ఎర్రగా వెలుగు మనుషులు లేచి నిలబడ్డారు. కబడ్డీ సమాఖ్యలో ఆడే ప్రతివాడి ఎడమ మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. నాడి ఎలా కొట్టుకుంటోంది, కండ ఎంత బిగిసింది, చెయ్యి ఎప్పుడు కదిలింది, అన్నీ అది పట్టుకుంటుంది. ఆడే చాప కింద తీగలు అడుగుల బరువు పట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి పోగైన ఆ సమాచారంతో మరోదారి ఒక్కో ఆటగాడికీ ఒక వెలుగు మనిషిని అల్లింది. అసలు మనిషి ఎక్కడ తొందరపడతాడో, ఎక్కడ జంకుతాడో వెలుగు మనిషీ అక్కడే తొందరపడతాడు, అక్కడే జంకుతాడు. కాబట్టి జరిగిన ఆటే కాదు, జరగని ఆట కూడా అది ఆడించగలదు. ఫలానావాణ్ణి ఫలానా జట్టుకి ఇవ్వకుండా ఉంటే ఏమయ్యేదని అడిగితే, ఆడని ఆ సీజనంతా కళ్ళ ముందు ఆడి చూపిస్తుంది.

ఒక నియమం మాత్రం ఉంది. ఏ ఆటగాడికీ తన వెలుగు మనిషిని చూపించకూడదు. మొదట్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ఆటగాడు సరదాపడి చూశాడు. తనకి అందకుండా పోయిన కప్పు తన చేతుల్లో మెరవడం చూశాక అతనికి అసలు ఆట మీద రుచి చచ్చిపోయింది. సీజను సగంలో ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ నియమం అప్పుడు పుట్టింది.

చంపావతి జట్టు ఈమధ్య వరసగా ఓడిపోతోంది. సింహాద్రిని ఉంచాలా, పంపించాలా అన్నది తేల్చడానికి సమాఖ్య కమిటీ ఇందుమతికి పని అప్పగించింది. ఆయన ఇన్నేళ్ళలో ఎవరిని కొన్నాడు, ఎవరిని ఎవరితో మార్చుకున్నాడు, అవన్నీ మరోదారిలో ఆడించి మంచిచెడ్డలు తేల్చి నివేదిక ఇమ్మంది. ఆయన మా అక్క మొగుడండీ అని ఆమె చెప్పకపోలేదు. యంత్రానికి అక్కలూ బావలూ ఉండరు కదమ్మా అని కమిటీ అధ్యక్షుడు నవ్వేశాడు.

చాలావరకు పరవాలేదనిపించింది. కొన్ని మార్పిడులు తెలివైనవి, కొన్ని మొహమాటానికి చేసినవి. ఒక్కదాని దగ్గర మాత్రం యంత్రం నిర్దాక్షిణ్యంగా చెప్పింది. ఆయన చేసిన తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పు లెంక సూరినాయుణ్ణి నాసిక్ జట్టుకి ఇచ్చెయ్యడం.

సూరినాయుడు ఇందుమతి భర్త. సింహాద్రికి తోడల్లుడు, ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తాడు.

అప్పట్లో సింహాద్రి జట్టుని నడుపుతూ తానూ ఆడేవాడు. ఆయనది ఎడమ మూల, ఆ పక్క స్థానం సూరిది. కూతకొచ్చినవాణ్ణి ఇద్దరూ కలిసి ఒడిసి పట్టుకుంటే జనం లేచి నిలబడి ఈలలేసేవారు. అలాంటిది ఒక ఏడాది మొదట్లో, ముందూ వెనకా చెప్పకుండా సూరిని నాసిక్‌కి ఇచ్చేశాడు. అక్కడ ఆడిన మొదటి సీజన్లోనే సూరి మోకాలు పోయింది. ఇప్పుడు అతను ఆడపిల్లల బడిలో వ్యాయామం చెబుతాడు. మెట్లు పక్కకు తిరిగి ఎక్కుతాడు. ఆ మెట్లు ఎక్కడం చూసినప్పుడల్లా ఇందుమతి బావని మనసులోనూ, కొన్నిసార్లు పైకీ తిట్టుకుంటుంది.

సూరిని వదులుకోకుండా ఉంటే ఏమయ్యేదో వెలుగు మనుషులు ఆడి చూపించారు. జట్టు కప్పు గెలిచింది. ఆ మరుసటి ఏడు సూరి కెప్టెనయ్యాడు, మళ్ళీ గెలిచింది. అద్దపు నేల మీద భర్త వెలుగు మనిషి రెండు కాళ్ళ మీదా గెంతుతుంటే ఇందుమతికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తన కోపం వట్టి కోపం కాదు, లెక్కకి నిలిచే కోపమేనని తేలినందుకు ఆమె సంతోషించింది. ఆ సంతోషం మంచిది కాదని ఆమెకీ తెలుసు, అయినా ఆపుకోలేదు.

ఆదివారం అక్క పైడితల్లి భోజనానికి పిలిచింది. చింతచిగురు రొయ్యలు, కొర్రమేను పులుసు. సింహాద్రి లుంగీ ఎగ్గట్టి తనే వడ్డనకు దిగాడు.

"ఏటి మరదలా, నా జాతకం రాయడం అయిపోనాదా?" అన్నాడు గరిటె ఊపుతూ.

"ఇంకా లేదు బావా."

"రాసీటప్పుడు మొహమాటపడకు. మీ అక్కకి నన్ను కట్టబెట్టడం మంచి మార్పిడో కాదో అది కూడా ఓసారి ఆడించి చూడు. ఈవిడికి ఎప్పట్నించో అనుమానం."

"అనుమానం ఏటి, ఖాయమే," అంది వంటింట్లోంచి పైడితల్లి.

సింహాద్రి నవ్వుతూనే పులుసులోంచి తలకాయ ముక్క వెతికి తీసి సూరి కంచంలో వేశాడు. ఎప్పుడూ అంతే. ఆ ముక్క సూరికే. సూరి తలెత్తకుండా తిన్నాడు. ఇందుమతి మాత్రం, కాలు తీసుకుని తలకాయ ఇస్తున్నాడు అనుకుంది.

చేతులు కడుక్కునేటప్పుడు అక్క ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళింది. "నిన్నేటీ అడగకూడదని ఆయన ఒట్టేయించుకున్నాడే. అందుకని అడగను. ఆ జట్టు తప్ప ఈ మనిషికి ఇంకో లోకం లేదు. అది పోతే ఏటైపోతాడోనని బెంగగా ఉన్నాది, అంతే." చెప్పి, కళ్ళు తుడుచుకుని, డబ్బాలో చెల్లెలికి రొయ్యలు సర్దిచ్చింది.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తూ ఇందుమతి ఉండబట్టలేక మొగుడికి చెప్పేసింది. యంత్రం ఏం తేల్చిందో, కప్పులేమిటో, కెప్టెన్సీ ఏమిటో అంతా చెప్పింది. సూరి బండి వేగం తగ్గించాడు.

"నేనోసారి చూడొచ్చా?" అన్నాడు.

నియమం గుర్తొచ్చి కూడా ఆమె సరేనంది. ఇన్నేళ్ళ అన్యాయానికి ఆ మాత్రం పరిహారం ఇవ్వకూడదా అనుకుంది.

మర్నాడు బడి అయ్యాక సూరి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మోకాలు చాపుకుని, వెలుగు మనుషుల కేసి చూశాడు. ఇందుమతి ఆట చూడలేదు, అతని మొహమే చూసింది. మొదట మొహం విప్పారింది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు.

మళ్ళీ వేసింది.

"ఇది నేను కాదు ఇందూ."

"మొహం సరిగ్గా రాదు సూరీ, వెలుగే కదా అదంతా."

"మొహం సంగతి కాదు. కూతకొచ్చినోడు కాలు ముందుకి చాచినప్పుడు ఈడు ఒక్క లిప్త ఆగుతున్నాడు చూడు. నాకు ఆగడం రాదు. దూకీడమే నాకు తెలిసింది. అన్నయ్య ఆపీవోడు. నా మణికట్టు నొక్కి పట్టుకునీవోడు. ఆ పట్టు సడిలిందంటే దూకమని. మరి ఈడేటి, పక్కన ఎవరూ పట్టుకోకుండానే ఆగుతున్నాడు?"

ఇందుమతి ఆట ఆపేసింది.

మిగతా జట్లలో పక్కపక్క ఆటగాళ్ళు వేళ్ళు కలిపి పట్టుకుంటారు. విజయనగరం వాళ్ళకి పాత గురువులు వేరేగా నేర్పారు. వేళ్ళు చెమటకి జారిపోతాయి, మణికట్టు జారదు. మూలనున్నవాడు పక్కవాడి ఎడమ మణికట్టు బిగించి పట్టుకోవాలి. పట్టీ ఉండేదీ ఆ మణికట్టుకే. దాని మీద ఏళ్ళ తరబడి సింహాద్రి అరచెయ్యి ఉంది. ఆయన నాడి, ఆయన బిగువు, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు దూకాలో చెప్పే ఆయన ఒడుపు, అన్నీ సూరి పేరు మీద జమైపోయాయి. మరోదారి సూరి అనుకుని అల్లిన మనిషిలో ఇద్దరున్నారు. ఇద్దరూ కలిసి ఆడినంత కాలం లెక్క సరిపోయింది కాబట్టి తప్పు ఎవరికీ కనపడలేదు. యంత్రం తయారుచేసినవాళ్ళలో ఒక్కరూ చేతిలో చెయ్యి వేసి చెడుగుడు ఆడినవాళ్ళు కారు. ఆడినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని కూడా ఇందుమతికి ఒక్క మాట అడగాలని తోచలేదు.

"దీన్ని బట్టి అన్నయ్యని తీసేస్తారా?" అన్నాడు సూరి.

"తీసేస్తారు."

సూరి మోకాలు మీద చెయ్యి వేసుకుని నేల కేసి చూశాడు. "నన్ను మార్చింది అన్నయ్య కాదు. నేనే పంపించీమని అడిగినాను."

ఆమెకి అర్థం కాలేదు. అతను చెప్పుకొచ్చాడు.

"ఆయన కుడి భుజం అప్పటికే అయిపోనాది. మణికట్టు పట్టుకుంటాడు కదా, నాకు తెలిసిపోయీది. లాగాల్సినప్పుడు లాగలేకపోయీవోడు. నేనే లాగీవోణ్ణి, ఆయన లాగినట్టు. నేను పక్కనున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ తెలీదు, ఆయనకే సరిగ్గా తెలీదు. డాక్టరుకి చూపించమంటే కసిరీసినాడు. అలగే ఇంకో ఏడు ఆడితే చెయ్యి పోద్దని భయమేసింది. నేను లేకపోతే తెలుస్తాది, తెలిస్తే మానీస్తాడు అనుకున్నాను. నాసిక్ వాళ్ళు కెప్టెన్సీ ఇస్తామన్నారు, పంపీ అన్నయ్యా అన్నాను. మొహం మాడిపోనాది పాపం. మారుమాట లేకుండా సంతకం పెట్టీసినాడు."

"కెప్టెన్సీ ఇస్తామన్నారా?"

"ఎవరూ అన్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే వదినకి చెప్పినట్టే. వదినకి చెప్తే ఆయనకి చెప్పినట్టే. ఇంట్లో చెప్పకు, నువ్వే మార్చినట్టు ఉండనీ అన్నాను. ఇప్పటి వరకూ ఆ మాట మీదే ఉన్నాడు. నువ్వు మొహం తిప్పుకున్నా, నలుగురూ నాలుగన్నా నోరు మెదపలేదు."

ఇందుమతికి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళూ ఆ మనిషిని నాచేత తిట్టించావు."

"నువ్వు తిట్టినప్పుడల్లా నాకు అన్నం సయించీది కాదు."

"మరి నీ మోకాలు?"

"అది నా మోకాలే. దాన్ని అన్నయ్య నెత్తిన రుద్దకు."

ఆమె ఏడ్చింది. కోపానికి కొంత, ప్రేమకి కొంత, వడ్డించిన తలకాయ ముక్కలన్నీ గుర్తొచ్చి కొంత. సూరి లేచి, కుంటుతూ వచ్చి, పక్కన నిలబడ్డాడు. "కమిటీలో భుజం మాట ఎత్తకు," అన్నాడు. "జబ్బు దాచి ఆడినాడంటారు."

విశాఖపట్నంలో కమిటీ కూర్చున్న రోజు సింహాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో ఒద్దికగా కూర్చున్నాడు. నివేదిక చదవమన్నారు. ఇందుమతి లేచి, నివేదిక ఇవ్వలేనని చెప్పింది. మణికట్టు పట్టు గురించి, పట్టీ గురించి, ఇద్దరి సమాచారం ఒకడిలో కలిసిపోవడం గురించి చెప్పింది.

"తప్పు ఈ ఒక్క మార్పిడిలోనే కదా?" అన్నాడు అధ్యక్షుడు. ఆయనకి ఆమె మీద అభిమానం. ఆమెకొక దారి చూపిస్తున్నాడు.

అవునని ఊరుకుంటే బావా నిలబడేవాడు, యంత్రమూ నిలబడేది. గొంతు దాకా వచ్చిన ఆ మాటను ఆమె మింగేసింది. "కాదండీ. చంపావతి జట్టులో అందరూ ఆ పట్టే పడతారు. ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళు వెళ్ళిన జట్లకి కూడా అది నేర్పారు. ఎవరిలో ఎవరు కలిశారో నేను చెప్పలేను."

"మరోదారి మాట నమ్మి ఇప్పటికే రెండు మూడు జట్లు కుర్రాళ్ళను వదిలేశాయి. వాళ్ళకేం చెప్పమంటారు?"

వాళ్ళ మొహాలు కూడా ఆమె ఎరగదు, వెలుగు మనుషులుగా తప్ప. తప్పు నాదేనని చెప్పండి అంది. కమిటీ మరోదారిని ఆపేసింది, వదిలేసినవాళ్ళను తిరిగి పిలిపించమని జట్లకు రాసింది. సింహాద్రికి ఇంకొక సీజను ఇచ్చింది. ఆయన లేచి నమస్కారం పెట్టాడు గానీ మొహంలో సంతోషం లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా ఉన్నాడు.

మరో రెండు రోజులకు ఇందుమతి గది సర్దుకుంటుంటే సింహాద్రి క్యారేజీ పట్టుకుని వచ్చాడు. "మీ అక్క పంపింది," అని బల్ల మీద పెట్టి, నిలబడే అడిగాడు. "ఇద్దరు కలిసిపోనారన్నావు. సూరిగాడి మణికట్టు పట్టుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. నాదేటి కలిసింది వాడిలో?"

"పోనిద్దురూ బావా. అయిపోయింది కదా."

"నాకు అవలేదు. చూపించు."

ఆమె ఆ ఇద్దరినీ అప్పటికే విడదీసి చూసుకుంది. చంపావతిలో ఆ ఒక్క జంట ఒడుపు ఆమెకి వేరుచెయ్యడం కుదిరింది, భర్త నాడి ఎలా ఉంటుందో పక్కనే పడుకుని వింటుంది కాబట్టి. ఇక ఈ యంత్రానికి నియమాలేమిటని మీట నొక్కింది. సూరి వెళ్ళకుండా ఉన్న సీజను మొదలైంది. సూరి ఆగకుండా దూకుతున్నాడు, ఎప్పట్లాగే. మూలనున్న వెలుగు మనిషికి కుడి భుజం దగ్గర, బిగువు తగ్గిన చోట, కాంతి మసగ్గా ఉంది.

"ఎవరది?" అన్నాడు సింహాద్రి.

"మీరే బావా."

ఆయన దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. సీజను నడుస్తున్నకొద్దీ ఆ మసక పెరిగింది. సగం గడిచాక ఒక పట్టులో వెలుగు మనిషి చెయ్యి భుజం నుంచి ఊడినట్టు జారి వేలాడింది. వాడు పైకి లేవలేకపోయాడు. పక్కనున్న సూరి ఆట వదిలేసి వాడి మీదకి వంగాడు.

సింహాద్రి అద్దపు నేల అంచున చతికిలబడ్డాడు.

"సూరిగాడు కెప్టెన్సీ కోసం వెళ్ళలేదా?"

ఇందుమతి తల అడ్డంగా ఊపింది.

"ఆడికి ముందే తెలుసా ఇది?"

"తెలుసు బావా."

"ఆడు రైలెక్కిన రోజు స్టేషన్‌కి కూడా వెళ్ళలేదు నేను. పొగరెక్కిపోనాడు అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆడు నన్ను కాదనుకుని పోనాడనే అనుకున్నాను మరదలా." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ తర్వాత? ఈ చెయ్యి బాగుపడతాదా అక్కడ?"

"లేదు. భుజం ఎత్తు దాటి లేవదు. ఎప్పటికీ."

అసలు జరిగింది వేరు. సూరి వెళ్ళిన ఏడు, పక్కన ఆసరా లేక, రెండు ఆటలకే ఆయన భుజం సంగతి బయటపడింది. ఆట మానేశాడు, వైద్యం చేయించుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఆయనకి కూతురు పుట్టింది. అమ్మవారి సిరిమాను ఉత్సవంలో ఇసుక వేస్తే రాలని జనంలో ఆ పిల్లని కుడి భుజం మీదకెక్కించుకుని నిలబడేవాడు. ఇందుమతి కొడుకు నాకూ కనపడాలని ఏడిస్తే వాణ్ణి కూడా ఆ భుజానికే ఎత్తుకునేవాడు. బావ మీద ఎంత కోపమున్నా, ఆ జనంలో తన బిడ్డని ఇంకెవరికీ ఇచ్చేది కాదు ఇందుమతి.

సింహాద్రి లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి మెల్లగా పైకెత్తాడు. భుజం దాటింది, చెవి దాటింది, తల దాటి నిటారుగా నిలబడింది. ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువుని మొదటిసారి చూస్తున్నట్టు ఆ చేతిని కింద నుంచి పైదాకా చూసుకున్నాడు.

"దీన్ని ఏ మార్పిడి కింద రాస్తావు మరదలా?"

వెలుగు మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఆరిపోయారు.

ఆయన ఎత్తిన చెయ్యి దించకుండానే అడిగాడు, "సూరిగాడి బడి ఎన్నింటికి వదుల్తారు?"